పరిగ ఏరేవాళ్ళ పండుగ

మూడేళ్ళ క్రితం మార్చి నెలలో మా మేనకోడలు పిడుగురాళ్ల నుంచి ఫోన్ చేసింది. "అత్తా, పస్కా పండగ మనం చెయ్యొచ్చా? చేస్తే తప్పా?" అని అడిగింది. తను వెళ్ళే కొత్త మందిరంలో ఆ ఏడు పస్కా ఆచరించబోతున్నారట. పొట్టేలు కొమ్ము బూర తెప్పించారట. పులియని రొట్టెలు, చేదు కూరలు, ద్రాక్షరసం, అన్నీ వాక్యంలో ఉన్నట్టే. ఆడవాళ్ళంతా రొట్టెలు చేసుకు రావాలన్నారట. అక్కడిదాకా దానికి సంబరంగానే ఉంది. ఆ తర్వాతి మాట దగ్గర గొంతు మారింది. "ముట్టులో ఉన్నవాళ్ళు రొట్టెలు చెయ్యకూడదంట, బల్ల దగ్గరికి రాకూడదంట. లేవీయకాండంలో ఉందంట. నాకు సరిగ్గా ఆ రోజుకే వచ్చేట్టుంది. ఏం చెయ్యమంటావు?"

నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె సున్నపు బట్టీల్లో రాయి మోసింది. కోతలప్పుడు పొలాల్లో పరిగ ఏరింది. చదువు లేదు. గుడి ఎందుకొదిలేశావు, చర్చికెందుకొచ్చావు అని చిన్నప్పుడు నేనడిగితే "ఆడ నన్నెప్పుడు రానిచ్చారే ఒదిలెయ్యటానికి? ఈడైతే ఎప్పుడు నీళ్ళు పోసుకున్నావని అడిగేవోళ్ళు లేరు" అన్నది. మా ఇళ్ళల్లో మైల, ముట్టు అనేవి అట్లా ఆమె తరంతోనే పోయాయి. ఇప్పుడు ఆమె మునిమనవరాలిని బల్ల దగ్గరికి రావద్దంటున్నారు, అదీ బైబిల్ పండుగ పేరుతో.

మేనకోడలి ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. క్రైస్తవులు యూదుల పండుగలు చెయ్యొచ్చా అన్నది ఒకటి. చేస్తే ఆ పండుగ ఎవరిదవుతుంది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పండుగలు చెయ్యాలనేవాళ్ళ వాదం మన దగ్గర ఎక్కువగా ఒక చార్టు రూపంలో వస్తుంది. లేవీయకాండం 23వ అధ్యాయంలో వరుసగా పండుగలున్నాయి. పస్కా, పులియని రొట్టెలు, ప్రథమ ఫలం, వారాల పండుగ, బూరలు, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలలు. ఒక్కోదానికి ఎదురుగా క్రీస్తు జీవితంలో ఒక్కో ఘట్టం రాస్తారు. పస్కాకి సిలువ, ప్రథమ ఫలానికి పునరుత్థానం, వారాల పండుగకి పెంతెకొస్తు, బూరలకి రెండో రాకడ. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. యేసు యూదుడు, ఈ పండుగలన్నీ చేసినవాడు, కాబట్టి మనమూ చెయ్యాలి అనేది దాని వెనకున్న తర్కం. పౌలు కొలస్సయి సంఘానికి రాసిన పత్రికలో పండుగల విషయంలో మిమ్మల్ని ఎవరూ తీర్పు తీర్చకూడదన్నాడు కదా అని అవతలివాళ్ళంటారు. ఆ మాట చేసేవాళ్ళకీ పనికొస్తుంది, మానేసేవాళ్ళకీ పనికొస్తుంది. అందుకే ఆ తగువు రెండు వేల ఏళ్ళుగా తెగలేదు.

కానీ ఆ అధ్యాయాన్ని చార్టు పక్కన పెట్టి చదివితే ఒక విషయం కనిపిస్తుంది. వారాల పండుగ ఎట్లా చెయ్యాలో చెప్పటం అయిపోయి, బూరల పండుగ మొదలయ్యేలోపు మధ్యలో ఒక్క వచనం ఉంది, 22వది. పొలం కోసేటప్పుడు మూలలదాకా కోయొద్దు, రాలిన పరిగ ఏరుకోవద్దు, అది బీదవాళ్ళకీ పరదేశులకీ వదిలెయ్యండి అని దాని సారాంశం. పండుగల పట్టిక మధ్యలోకి వ్యవసాయ కూలీల సంగతి ఎందుకొచ్చింది? దానికి చార్టులో గడి లేదు. క్రీస్తు జీవితంలో దానికి ఎదురుగా రాయటానికి ఘట్టమూ దొరకలేదు కాబోలు, వదిలేశారు.

నాకు మాత్రం ఆ అధ్యాయానికి గుండెకాయ అదే అనిపిస్తుంది. ఇవి పంటల పండుగలు. పస్కా నాటికి ఆ దేశంలో యవలు పండుతాయి. ఏడు వారాలకి గోధుమలు. ఏడాది చివర ద్రాక్ష, ఒలీవ పంటలు ఇంటికొచ్చాక పర్ణశాలల పండుగ. పంట వచ్చినవాడికి పండుగ ఉంటుంది. మరి పంట లేనివాళ్ళకి? ఆ ప్రశ్నకి జవాబే ఆ వచనం. అది దానం కాదు, హక్కు. ఆసామి ఎవరికిష్టమైతే వాళ్ళకి పిలిచి ఇచ్చేది కాదు. మూల కోయకుండా ఉంచాల్సిందే, ఎవరొచ్చి కోసుకుంటే వాళ్ళది.

యూదులు వారాల పండుగనాడు చదివే గ్రంథం రూతు కథ అని తెలిశాక నాకు ఇంకా స్పష్టమైంది. రూతు మోయాబు దేశపు పిల్ల, పరాయిది, విధవరాలు. అత్త నయోమిని పోషించటానికి బేత్లెహేము పొలాల్లో పరిగ ఏరుతుంది. ఆదివారపు ప్రసంగాల్లో రూతుని అత్తమాట జవదాటని కోడలుగా చెప్తారు. కానీ ఆ కథలో బోయజు తన పనివాళ్ళకి ఈ పిల్లని ముట్టుకోవద్దని ఆజ్ఞాపిస్తాడు. నయోమి కూడా వేరే పొలానికి పోతే నీకు కీడు జరుగుతుందని హెచ్చరిస్తుంది. ఒంటరిగా పరిగ ఏరే ఆడదాని మీద చెయ్యి పడుతుందన్న సంగతి ఆ ఊళ్ళో అందరికీ తెలుసన్నమాట. మా నాయనమ్మ తరానికి దాన్ని ఎవరూ వివరించక్కర్లేదు. వాళ్ళు గుంపుగానే పోయేవాళ్ళు, గుంపుగానే వచ్చేవాళ్ళు. ఇప్పుడు నాగార్జునసాగర్ కుడికాలవ కింద వరి కోతమిషన్లు కోస్తున్నాయి. మూలా లేదు, పరిగా లేదు.

ఇక చరిత్రలోకి వస్తే, క్రైస్తవులు ఈ పండుగలు మానుకోలేదు, మాన్పించారు. 325లో నైకియా సభలో ఈస్టరు తేదీని యూదుల పస్కా లెక్క నుంచి విడదీశారు. యూదులతో మనకేం ఉమ్మడి వద్దు అనే ధోరణిలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి సంఘాలకు ఉత్తరం రాశాడు. అదే శతాబ్దంలో లవొదికయలో జరిగిన సభ చేసిన నియమాలు మరీ ఆసక్తికరమైనవి. యూదుల పండుగల నుంచి పంపిన భోజన భాగాలు పుచ్చుకోవద్దు, వాళ్ళతో కలిసి పండుగ చెయ్యొద్దు, వాళ్ళ పులియని రొట్టెలు తీసుకోవద్దు అని. వద్దన్నారంటే అప్పటిదాకా తీసుకుంటున్నారనే కదా. వీధిలో ఒకరింట్లో పండుగైతే పక్కింటికి గిన్నె పోవటం, ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాకపోవటం మనకి తెలియనిదా? బిషప్పులు సభ పెట్టి ఆపింది ఆ గిన్నెని. ఎవరింటి వంట ఎవరు తినొచ్చో పెద్దలు శాసించటం మనకి కొత్త కాదు. మన దగ్గర దానికి కులం అని పేరు.

386, 387 సంవత్సరాల్లో అంతియొకయలో జాన్ క్రిసోస్టమ్ చేసిన ప్రసంగాలు ఇంకా నేరుగా ఉంటాయి. ఊళ్ళో క్రైస్తవులు బూరల పండుగ చూడ్డానికి యూదుల సమాజమందిరాలకి పోతున్నారని ఆయన మండిపడ్డాడు. భార్యల్ని పోనిస్తున్నారేంటని మగవాళ్ళని నిలదీశాడు. ఆయనే చెప్పిన ఒక సంఘటన ఉంది. ఒక క్రైస్తవుడు ఒక క్రైస్తవ స్త్రీని ఒట్టు వేయించటానికి బలవంతంగా సమాజమందిరానికి లాక్కుపోతుంటే తాను అడ్డుపడ్డానని. అక్కడ వేసే ఒట్టుకి భయం ఎక్కువని జనం నమ్మకమట. ఆ ప్రసంగాల్లో యూదుల మీద వాడిన భాష ఎంత నీచమైనదంటే, శతాబ్దాల తర్వాత నాజీల దాకా దాన్ని వాడుకున్నారు. యూరప్‌లో మధ్యయుగాల్లో ఈస్టరు వారం యూదులు తలుపులేసుకుని భయంతో బతికిన వారం. కాబట్టి ఈ రోజు ఒక క్రైస్తవుడు సరదాగా పస్కా చేద్దాం అంటే, ఆ మాట వెనక ఎంత నెత్తురుందో తెలిసి అనాలి.

ఇంకొకటి కూడా తెలియాలి. ఇప్పుడు యూదుల ఇళ్ళల్లో జరిగే పస్కా రాత్రి భోజనం, నాలుగు పాత్రల ద్రాక్షరసం, పిల్లలడిగే ప్రశ్నలు, ఇవన్నీ ఒక పద్ధతిగా కుదిరింది యెరూషలేము దేవాలయం 70లో కూలిపోయాక రబ్బీల చేతుల్లో. యేసు కడపటి రాత్రి భోజనం అచ్చం ఇట్లాగే జరిగిందని బూర ఊది చెప్పటం చరిత్ర కాదు. బతికున్న ఒక జాతి పండుగని తీసుకొచ్చి దాని అర్థం మాకే తెలుసు, మీకు తెలియదు అనటం మర్యాదా కాదు.

మన తెలుగునేల మీద ఈ కథ వేరే దారిలో నడిచింది. మాదిగల్లో క్రైస్తవం పెద్దెత్తున వ్యాపించింది ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ ద్వారా. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న వెలుంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మిషనరీ జాన్ క్లౌ చేరినవాళ్ళకి చెప్పిన నియమాలు చాలా తక్కువ. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. ఇందులో ఆసాములకి కోపం తెప్పించింది మొదటిది. వెట్టివాడు వారానికో రోజు రానంటే? ఊరి జాతరలో డప్పు కొట్టనంటే? గొడవలు అక్కడ మొదలయ్యాయి.

లేవీయకాండం 23 కూడా విశ్రాంతి దినంతోనే మొదలవుతుంది, మిగతా పండుగలన్నీ దాని తర్వాతే. ద్వితీయోపదేశకాండం విశ్రాంతి దినానికి చెప్పే కారణం, మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు గుర్తుంచుకోండి అని. దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి అని. మా తాతముత్తాతలు పస్కా పేరు తెలియకముందే దాని సారం కోసం ఆసాములతో తగాదా పడ్డారు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి ఒక పుస్తకం రాసింది. దానికి ఏడాది ముందే మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆమె అధ్యయనం అచ్చయింది. స్త్రీల హక్కుల మీద పరిశోధన చేసినామె, చెప్పులు కుట్టేవాళ్ళ కథలు రాసుకుంది ఒంగోలులోనే అని మన సాహిత్య చరిత్రల్లో ఎవరైనా రాశారా? నేను చూడలేదు.

మా పల్నాడు వైపు లూథరన్ సంఘం. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యరు ఆ దశాబ్దం చివర్లో గురజాలకి మారాడు. లూథరన్ పంచాంగంలో పస్కా లేదు, ఈస్టరుంది. కానీ కోతకాలపు పండుగ ఉంది. నా చిన్నప్పుడు ఆరోజు చర్చి ముందు గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు, కొత్త బియ్యం కుప్పపోసేవాళ్ళు, తర్వాత వేలం వేసేవాళ్ళు. అమ్మ ప్రతి పూటా వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసేది. సొంత పొలం లేనివాళ్ళ ప్రథమ ఫలం అదే.

లేవీయకాండం 23ని పేరుపెట్టి పట్టుకుని తెలుగువాళ్ళని పండుగకి పిలిచినవాడు భక్తసింగ్. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, క్రైస్తవుడై, 1941 చివర్లో మద్రాసులో మొదటి పరిశుద్ధ సభలు పెట్టాడు. ఆ మాటా, ఆ ఆలోచనా ఈ అధ్యాయంలోంచి తీసుకున్నవే. తర్వాత హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను దానికి కేంద్రమయింది. రోజుల తరబడి పందిళ్ళ కింద వేలమంది ఉండేవాళ్ళు. చాపల మీద కూర్చుని అందరూ ఒకే వంట తినేవాళ్ళు. ఆయన 2000లో చనిపోయాడు, సభలు ఆగలేదు. ఇంటి పనీ పొలం పనీ వదిలేసి కొన్ని రోజులు పందిట్లో పడుకోవటం మా పెద్దమ్మకి ఎంత ఇష్టమో చెప్పలేను. "ఆ పది రోజులూ పొయ్యి ముట్టించలేదే" అనేది ఇంటికొచ్చి. పర్ణశాలల పండుగకి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను వినలేదు. అయితే అక్కడా వేదిక మీద మగవాళ్ళే, ఆడవాళ్ళ తల మీద ముసుగే.

మరో అడుగు ముందుకేసినవాళ్ళు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్నారు. మాదిగ కుటుంబాలు, అంతకుముందు బాప్టిస్టులు. 1980ల చివర్లో షమూయేలు యాకోబి, ఆయన తమ్ముడు సాదోకు నాయకత్వంలో తాము క్రైస్తవులం కాదు, ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఎఫ్రాయీము గోత్రం వాళ్ళమని ప్రకటించుకున్నారు. తొంభైల మొదట్లో సమాజమందిరం కట్టుకున్నారు. బెనె ఎఫ్రాయీము అంటారు వాళ్ళని. హిబ్రూ నేర్చుకుంటారు, విశ్రాంతి దినం పాటిస్తారు, పస్కా, పర్ణశాలలు చేస్తారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ళ మధ్య పరిశోధన చేసి 2013లో పుస్తకం తెచ్చారు. మాదిగలు గొడ్డుమాంసం తినటం, చనిపోయినవాళ్ళని పూడ్చటం లాంటివన్నీ తమ ఇశ్రాయేలీయ మూలాలకి గుర్తులని ఆ సంఘం చెప్పుకుంటుంది.

దీన్ని వింతగా చెప్పుకుని నవ్వేవాళ్ళని చూశాను. నాకు నవ్వు రాదు. 1985లో కారంచేడు. 1991లో, అప్పట్లో అదే గుంటూరు జిల్లాలోని చుండూరు. 1994లో మాదిగ దండోరా. ఆ పదేళ్ళలో ఆ నేల మీద మేమెవరం అని ప్రతి మాదిగ ఇంట్లోనూ అడుగుతూనే ఉన్నారు. ఏ మాంసం తిన్నందుకు ఊరి బయట పెట్టారో అదే తమ వంశానికి రుజువని ఎదురు చెప్పటంలో ఎంత ధిక్కారముందో! ఈశాన్యంలోని బ్నెయ్ మెనాషె సముదాయాన్ని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరు ఇశ్రాయేలు వంశీకులుగా ఒప్పుకున్నారు. మన తెలుగువాళ్ళకి ఆ గుర్తింపు రాలేదు. వాళ్ళు యూదులా కాదా అని తేల్చటం నా పని కాదు. బానిసలు బయటపడిన కథ ఎవరిదని అడిగితే మాది అని వాళ్ళన్నారు. అనటానికి వాళ్ళకున్నంత అర్హత ఇంకెవరికుంది?

ఇప్పుడు మళ్ళీ మేనకోడలి దగ్గరికి. ఆ మందిరం పెద్దలు చెప్పింది పుస్తకంలో ఉన్నమాట నిజమే. లేవీయకాండం 15లో స్రావమున్న స్త్రీ ఏడు రోజులు అపవిత్రం. అదే అధ్యాయంలో మగవాళ్ళ స్రావాల గురించీ ఉంది. దాని గురించి ఆ మందిరంలో ప్రకటన చేశారా అని అడిగాను, లేదంది. పండుగ తెచ్చుకుంటూ దాని వెనకే మైలనీ తెచ్చుకోవటం, అదీ మైల వల్లే ఊరి బయట బతికినవాళ్ళం తెచ్చుకోవటం! అక్కడ పరిగ వచనం చదివారా అని కూడా అడిగాను. దానికి నవ్వింది.

పుస్తకాన్ని వెనకేసుకొచ్చి మాట్లాడటం లేదు నేను. ద్వితీయోపదేశకాండం 16లో పండుగనాడు ఎవరెవరు సంతోషించాలో పేర్లున్నాయి. నువ్వు, నీ కొడుకు, కూతురు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాళ్ళు, విధవరాలు. భార్య పేరు లేదు. నువ్వు అన్నదాంట్లోనే భార్య కూడా ఉందని కొందరు పండితులంటారు. అయ్యుండొచ్చు. కానీ అదే అధ్యాయం చివర్లో ఏడాదికి మూడుసార్లు దేవుని ఎదుటికి రావలసింది మగవాళ్ళని రాసుంది. ఇంతమంది సంతోషిస్తుంటే రొట్టె కాలుస్తున్నదెవరు?

యూదు స్త్రీలు ఈ ప్రశ్న ఎప్పుడో వేశారు. పస్కా రాత్రి నాలుగు పాత్రలూ స్త్రీలకీ విధే, ఆ అద్భుతంలో వాళ్ళూ ఉన్నారు కాబట్టి అని మూడో శతాబ్దపు రబ్బీ యెహోషువ బెన్ లేవి చెప్పినట్టు తాల్ముదులో ఉంది. దాన్ని పట్టుకుని 1976లో న్యూయార్కులో ఎస్తేర్ బ్రోనర్, ఆమె స్నేహితులు ఆడవాళ్ళ పస్కా భోజనం మొదలుపెట్టారు. షిఫ్రా, పూయా అనే మంత్రసానులు ఫరో మాట వినకపోతే మోషే ఎక్కడివాడు? మిర్యాము తంబుర పట్టకపోతే సముద్రం దాటిన సంబరం ఎక్కడిది? మనం నేర్చుకోవాల్సింది పొట్టేలు కొమ్ము ఊదేవాళ్ళ దగ్గర కాదు, వీళ్ళ దగ్గర.

ఆ ఏడు మేనకోడలు మందిరానికి వెళ్ళలేదు. మా ఇంటికొచ్చింది. పస్కా పున్నమి చాలా ఏళ్ళల్లో మన చైత్ర పున్నమే, ఉగాది అయిన రెండు వారాలకి. వేపచెట్టుకి ఇంకా పూత ఉంది. ఉగాది పచ్చడి తినొద్దని మా చిన్నప్పుడు అయ్యగారు చెప్పేవాడు, అది అన్యుల పండుగని. అదే వేపపువ్వుని చేదుకూరగా పెట్టుకున్నాం. రొట్టె సంగతికొస్తే మాకు వెతుక్కునే పని పడలేదు. పల్నాడు జొన్నరొట్టెలో పులుపెప్పుడుంది? రబ్బీల లెక్కలో జొన్న పస్కా రొట్టెకి పనికిరాదు, గోధుమ, యవల్లాంటి ఐదు గింజలే పనికొస్తాయి. కాబట్టి మేం చేసింది యూదుల పస్కా అని చెప్పుకోలేదు. మేనకోడలికి అది రెండో రోజు. రొట్టెలు అదే కాల్చింది.

రూతు కథ చదివాం. పరిగ వచనం చదివాం. అప్పటికి గాజా యుద్ధం వార్తలు రోజూ వస్తున్నాయి. 2023 అక్టోబరు 7న హమాస్ దాడి జరిగింది పర్ణశాలల పండుగ ముగిసిన మర్నాడు. ఆ తర్వాత గాజాలో పిండి బస్తా కోసం నిలబడినవాళ్ళ ఫోటోలు. ఇక్కడ కొన్ని చర్చిల్లో ఇజ్రాయెల్ జెండాలు ఊపారు. మా తమ్ముడు దాని గురించి వాదనకి దిగాడు, ఇశ్రాయేలు దేవుని జనం కదా అని. పొలం మూల ఎవరికి వదలమని ఉందో మళ్ళీ చదవమన్నాను. బీదవాళ్ళకీ పరదేశులకీ అని చదివాడు. చదివి, ఇంకా వాదించాడు. భోజనాలయ్యేసరికి పదకొండైంది.

అమ్మ మాత్రం బల్ల దగ్గరికి రాలేదు. ఎనభై దాటింది. మూలన మంచం మీద కూర్చుని అన్నీ వింటూనే ఉంది. రొట్టె తీసికెళ్ళి ఇస్తే సగం తుంచుకుని, వేపపువ్వు పక్కకి నెట్టి, "చేదు మాకు కొత్తా ఏందే, పచ్చడెయ్యి" అంది.